ఈదమ్మ ఎడమ చెయ్యి

"ముఖానికి ఏం పూసినవ్ బిడ్డా?"

చిక్కడపల్లి మార్కెట్ ముందు, గోనెపట్టా మీద కూర్చున్న ముసలామె అడిగింది.

అనిత చున్నీని చెంపల మీదికి లాక్కుంది.

"అన్నీ పూసిన అవ్వా. శనగపిండి, నిమ్మరసం, పసుపు, మెడికల్ షాపు ట్యూబు."

"ఒక్కనాడేనా?"

"ఒక్కనాడే. తొందర ఉండె."

"ఇగ కాలక ఏమయితది!"

అశోక్‌నగర్ హాస్టల్‌లో గదికి ఆరుగురు. తలా ఒక వైద్యం చెప్పారు. అనిత ఎవరి మాటా కాదనలేదు. మొటిమలు పోలేదు గాని చెంపలు రెండూ ఎర్రగా పొంగాయి.

నారాయణగూడలో ఒక ల్యాబ్‌లో రిసెప్షన్ ఉద్యోగం దాదాపు ఖాయమైంది. మేనేజర్ ఆ ముఖం చూసి తల తిప్పుకున్నాడు.

"తగ్గినాక రామ్మా. పది రోజులు చూస్తాం. తర్వాత ఇంకొకరిని తీసుకుంటాం."

ఆ ఉద్యోగం పోతే హాస్టల్ ఖాళీ చేయాలి. గ్రూప్స్ కోచింగ్ మధ్యలో వదిలి ఊరికి పోవాలి. "ఇగ చాలు, వచ్చెయ్" అని నాన్న ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. డాక్టరు దగ్గరికి పోయే స్తోమత లేదు. ముసలామె దగ్గర చాలామంది కొంటారని ఎవరో చెబితే వచ్చింది.

ముసలామె పేరు ఈదమ్మ. ముందర కలబంద మట్టలు, వట్టివేళ్లు, గంధం పొడి, ఎండిన గులాబీ రేకులు, కుంకుడుకాయలు. ఆమె అనిత చెంపను వేలి వెనకవైపుతో మెల్లగా తాకి చూసింది.

"మంటకు వేరే, మొటిమకు వేరే, మచ్చకు వేరే. ముందుగాల మంట దించాలె. రేపు రా, ఇస్త."

"ఇప్పుడే ఇయ్యరాదా? అన్నీ ఇక్కడనే ఉన్నయి కద!"

"ఉన్నయి. రేపు రా."

మర్నాడు వెళ్లింది.

"గంధం మంచిది కాదు. తీసేసిన. రేపు రా."

ఆ మర్నాడూ వెళ్లింది.

"గులాబి పొడి పడలే. అదీ తీసేసిన. రేపు రా."

"ఎవరికి పడలే? నాకు పెట్టనే లేదు కద!"

ఈదమ్మ నవ్వి కొంగును ఎడమ చేతి మీదికి లాక్కుంది.

నాలుగో రోజు అనితకు ఓపిక అయిపోయింది. ఎండలో నడిచి వచ్చేసరికి చెంపలు భగ్గుమంటున్నాయి. ఇంక ఆరు రోజులే ఉన్నాయి.

ఈదమ్మ ఎవరికో కుంకుళ్లు కొలుస్తోంది. చెయ్యి చాచినప్పుడు కొంగు జారింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా పాత నల్ల మచ్చలు. వాటి నడుమ కొత్తవి రెండు, రూపాయి బిళ్లంతేసి, ఎర్రగా పొంగి ఉన్నాయి. వాటి పక్కన ఒక గుడ్డ కట్టు.

"ఇదేంది? నీ చెయ్యే బాగు చేసుకోలేవు, నా ముఖం బాగు చేస్తవా?" అనిత గొంతు లేచింది. "ఓ అక్కా, ఈమె దగ్గర కొనకుండ్రి. తోలు రోగం ఉన్నది ఈమెకు!"

కుంకుళ్లు తీసుకుంటున్న ఆవిడ దోసిట్లోవి వదిలేసి జరిగిపోయింది. వెనక నిలబడ్డ ఇద్దరు కూడా కదిలారు.

ఈదమ్మ కట్టు విప్పి, ఆ చోటును వెలుతురుకు తిప్పి చూసుకుంది. తర్వాత కొంగు కప్పుకుంది. గోనెపట్టా కింద నుంచి చిన్న సీసా తీసింది.

"కలబంద గుజ్జు, వట్టివేళ్ల నీళ్లు. గంతే. ఇంకేం కలపకు. మొటిమల సంగతి మంట దిగినంక చూద్దాం."

వద్దందామనుకుంది అనిత. చేతిలో ఇంకో దారి లేక తీసుకుంది.

పూసిన అయిదో రోజుకు ఎరుపు దిగింది.

"ఏ పార్లర్‌కు పోయినవే? మాకు చెప్పకుంట!" అంది గదిలో జ్యోత్స్న.

"పార్లర్ లేదు, పాడు లేదు."

ఉద్యోగం వచ్చింది. పొద్దున కోచింగ్, ఆ తర్వాత కౌంటర్. హాస్టల్ చేరేసరికి కాళ్లు లాగేవి. ఈదమ్మ దగ్గరికి ఈ వారం పోవాలి, వచ్చే వారం పోవాలి అనుకుంటూనే రెండు నెలలు గడిచాయి.

చివరికి ల్యాబ్‌కు వచ్చే డాక్టరమ్మను అడిగి ఒక మలాము కొన్నది. ఒక ఆదివారం మార్కెట్‌కు వెళ్లింది.

గోనెపట్టా లేదు. ఆ పక్కన పూలమ్మే బుగ్గమ్మ మాత్రం మూర కొలుస్తోంది.

"ఈదమ్మ ఏది?"

బుగ్గమ్మ తలెత్తి చూసింది. గుర్తుపట్టింది.

"నువ్వు అందరి ముంగట గట్ల ఒర్రిన నాటి సంది ఎవలు కొన్నరు బిడ్డా? నెల దినాలు చూసింది. ఊరికి పోయింది."

"ఏ ఊరు?"

"పాలమూరు దిక్కు. ఊరి పేరు ఎన్నడు చెప్పలే."

అనిత మలాము చేతిలో తిప్పుతూ నిలబడింది.

"ఆమె చేతికని తెచ్చిన."

"ఆ చేతికి రోగం ఎక్కడిది?" బుగ్గమ్మ పూలు పక్కన పెట్టింది. "సిమెంటు పని చేసి చేసి ఆమె తోలు పలసవడ్డది. ఏది తగిలినా పొంగుతది. అందుకే ఎవలకు ఏది కలిపినా ముందుగాల తన చేతికి కట్టుకొని ఒక దినం చూసేది. నా తోలు ఓరిస్తే ఎవల తోలైనా ఓరుస్తది అంటుండె."

"మరి ఆనాడు చెప్పలేదేంది?"

"చెప్తే మాత్రం, ఆ చెయ్యి చూసినోళ్లు కొంటరా?"

అనిత చెయ్యి తన చెంప మీదికి పోయింది.

గంధానికొకటి, గులాబికొకటి, ఈదమ్మ చేతి మీది ఆ ఎర్రటి మచ్చలు రెండూ ఇక్కడ పొంగాల్సినవి.