ఈ మొహం మా అన్నది కాదు

"ఈ మొహం మా అన్నది కాదు," అన్నాడు తమ్ముడు, లేత్ మిషన్ ఆపకుండానే.

అన్ననంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డ మనిషి నవ్వాడు. ముందుకు పొడుచుకొచ్చిన దవడ, ఉబ్బిన ముక్కు, పళ్ల మధ్య సందులు. అరచేతులు చేటలంత ఉన్నాయి. పదహారేళ్ల కిందట కనిపించకుండా పోయిన అన్న సన్నగా, కోలమొహంతో ఉండేవాడు. ఆ ఫొటో వర్క్‌షాపు గోడకు ఇంకా ఉంది.

వచ్చినవాడు తొణకలేదు. చనిపోయిన నాన్న ఏ మిషన్‌ను ఏ ముద్దుపేరుతో పిలిచేవాడో వరసగా చెప్పాడు. పెద్ద మేస్త్రికి ఎడమచెవి వినపడదని కుడివైపు వెళ్లి పలకరించాడు. మేడ దిగొచ్చిన వదిన, అన్న భార్య, అతణ్ని చాలాసేపు చూసింది. తర్వాత భోజనానికి రమ్మంది.

ఆ పూటతో ఇల్లు రెండు ముక్కలైంది.

తమ్ముడు అతనికి తాళంచెవి ఇవ్వలేదు, వర్క్‌షాపులో కుర్చీ ఇవ్వలేదు. ఎదురుపడితే పక్కకు తిరిగి ఉమ్మేవాడు. దారినపోయే దానయ్యను తెచ్చి నెత్తిన పెట్టుకుందని వదినను నలుగురిలో దులిపేశాడు. ఆవిడా తగ్గలేదు. వర్క్‌షాపు తన గుప్పిట్లోంచి జారిపోతుందనే మరిదికి ఈ ఏడుపని, ఎదురింటివాళ్లకు వినపడేలా అంది. పనివాళ్లంతా ఆవిడ పక్షమే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మేస్త్రి మొహంమీదే అడిగేశాడు. పోనీ డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దామంటే అమ్మానాన్నలు పోయారు, అన్నకు పిల్లల్లేరు, తమ్ముడేమో పెంపుడు కొడుకు. రక్తంతో తేలే వ్యవహారం కాదు.

చివరికి తమ్ముడే పంతం పట్టాడు. పాతికేళ్లు దాటాక ఎవరికీ ముక్కూ దవడా పెరగవు, ఆ మాట డాక్టరు నోటితోనే చెప్పిస్తానన్నాడు. వదిన సాక్షిగా మేస్త్రిని వెంటపెట్టుకుంది. నలుగురూ ఒకే ఆటోలో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు.

ఆవిడ మొదట అతని వేళ్లు పట్టుకుని చూసింది. ఉంగరాలు బిగుసుకున్నాయా, చెప్పుల సైజు మారిందా, తలనొప్పి వస్తుంటుందా అని అడిగింది. అన్నిటికీ అవుననే జవాబు. రక్తం తీయించింది, తలకు స్కాన్ రాసింది. వారం తర్వాత అందరినీ కూర్చోబెట్టింది.

"మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. ఎంత పెరగాలో ఒంటికి కబురు పంపేది అదే. పెద్దయ్యాక ఆ కబురు తగ్గాలి. ఈయనకు అందులో చిన్న గడ్డ లేచింది, కబురు తగ్గలేదు. ఎముక పొడవు పెరిగే వయసు దాటిపోయింది కాబట్టి లావెక్కింది. దవడ, ముక్కు, వేళ్లు, పాదాలు. గొంతు కూడా మారుతుంది. ఏళ్ల తరబడి జరుగుతుంది, రోజూ చూసేవాళ్లు పోల్చుకోలేరు."

తమ్ముడు వెంట తెచ్చిన అన్న ఫొటోను బల్లమీదికి విసిరాడు. "ఈ మనిషి అలా అవుతాడా?"

డాక్టరమ్మ ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూసింది. "ఈ జబ్బుతో అవచ్చు. మొహం చూసి ఈయన కాదని మాత్రం నేను రాసివ్వను. ముందు ఆపరేషన్ సంగతి చూడండి. నాన్చితే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది."

మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. వచ్చినవాడు తల వంచుకుని తన చేతులు తానే చూసుకుంటున్నాడు. వదిన మరిది వైపు తిరిగింది. ఆవిడ గొంతులో గెలిచిన సంతోషం లేదు.

"కట్టుకున్నదాన్ని, నేనే ఔనో కాదో తేల్చుకోలేక ఇన్నాళ్లూ కొట్టుకున్నాను. ఇంత చదివిన డాక్టరమ్మే కాదనలేకపోతోంది. నువ్వు మొదటిరోజే, మిషన్ కూడా ఆపకుండా కాదన్నావు. అంత ఖాయంగా నీకెలా తెలుసు?"

తమ్ముడు ఫొటో తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పొరపడ్డాను అన్నయ్యా," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

అతను అన్న కాదని తనకెలా తెలుసో చెప్పాలంటే, పదహారేళ్ల కిందట అన్నను తాను ఎక్కడ పూడ్చిపెట్టాడో కూడా చెప్పాలి.