బాతులకు పక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు: ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన అమ్మ, మంచం పట్టిన అమ్మమ్మ, బడికి తయారవుతున్న మారిట్. కొట్టంలో ఆరు బాతులు.

"ఇక నా వల్ల కాదు. శనివారం పక్క పొలం లార్సన్ వాళ్లు వచ్చి బాతుల్ని తీసుకెళ్తారు," అంది అమ్మ, బూట్లు తొడుక్కుంటూ.

"నీకేం కష్టమమ్మా? రోజూ సాయంత్రం వాటికి పక్కగా చెక్కపొట్టు పరిచేది నేను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి కూడా పొడిగానే ఉంటోంది."

అమ్మ పెరట్లోకి వెళ్లిపోయింది. మాట తేల్చుకుందామని మారిట్ మంచులో వెనకే నడిచింది.

కొట్టంలో అమ్మ తడిసి ముద్దయిన పొట్టును పారతో ఎత్తి తోపుడుబండిలో వేస్తోంది.

"నిన్ననేగా పరిచాను."

"నీళ్ల తొట్టి లోపలే వదిలేస్తావు. తెల్లారేసరికి అంతా బురద చేసేస్తాయి. తడిలో నిలబడితే వాటి కాళ్లు పుళ్లు పడతాయి."

"ఎప్పట్నుంచి ఇలా రోజూ మారుస్తున్నావు?"

"మొదటి మంచు పడ్డప్పట్నుంచి."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పే ఓపిక కూడా లేదే."

మారిట్ పార అందుకోబోయింది. అమ్మ వదల్లేదు.

"లార్సన్ వాళ్లకు నేను ఫోన్ చేస్తాను," అంది మారిట్. "శనివారం దాకా ఎందుకు, ఇవాళే రమ్మంటాను."

అమ్మ చేతిలో పార ఆగింది.

"శనివారం దాకా ఉండనీ. బస్సు తప్పిపోతుంది, పో. వాటికి చలేస్తోంది," అంటూ లోపల్నుంచి కొట్టం తలుపు మూసేసింది.