ఆ మలుపు దగ్గర గుంత

గతుకుల్ని ముందే పసిగట్టి సర్దుకునే సస్పెన్షన్ కార్లన్నిటికీ వచ్చాక, నగరంలో గుంతలు పూడ్చటం మానేశారు. కార్లలో తిరిగేవాళ్ళకు అవి తెలియవు. ఇక స్కూటర్ల మీద పోయేవాళ్ళ మాట ఎవడు వింటాడు?

ప్రభంజన్ పాత స్పోర్ట్స్ కారు మాత్రం ఇంకా ఎగిరెగిరి పడుతోంది. దానికీ ఆ సస్పెన్షన్ బిగించాలా వద్దా అని తేల్చుకోవటానికి, మెకానిక్ రషీద్ తన కారులో భార్యాభర్తలిద్దర్నీ తిప్పి చూపిస్తున్నాడు. ముందు పెట్టిన చాయ్ గ్లాసు తొణకటం లేదు.

"పెట్టించెయ్యండి," అంది నీరజ భర్తతో. "ఆ గుంతలో పడ్డప్పుడల్లా నా ప్రాణం పోతోంది."

ఆ గుంతలోనే వాళ్ళమ్మాయి స్కూటర్ పల్టీ కొట్టింది. పిల్ల మళ్ళీ లేవలేదు.

నీరజ కళ్ళు గట్టిగా మూసుకుని భర్త చెయ్యి పట్టుకుంది. చాలాసేపు అలాగే కూర్చుంది.

"ఇంకా రాలేదా?"

"ఏంది మేడమ్?"

"ఆ మలుపు దగ్గర గుంత."

"అది ఎప్పుడో దాటినం గద!" అన్నాడు రషీద్ గర్వంగా. "చూడుండ్రి, చాయ్ చుక్క ఒలకలే."

నీరజ కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి చూసింది.

"వద్దండీ," అంది. "మనక్కూడా తెలియకుండా పోతే ఎలా?"