అడగకుండా వేసిన ఓటు

ఇప్పుడు అందరి ఓట్లూ ఫోన్లే మనసు కనిపెట్టి వేసేస్తున్నాయి. అయినా చట్టం ప్రకారం వార్డుకో పోలింగ్ బూత్ తెరవాలి. మూడు ఎన్నికలుగా నేను కూర్చునే బూత్‌కి ఎవరూ రాలేదు. ఈసారి మధ్యాహ్నం చేపలమ్మే పోలమ్మ వచ్చింది.

"నా ఓటు ఎవులికేసిందో సూపించమ్మా."

కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పాను.

"నాననుకున్నోడికే ఏసింది. అది కొట్టేయ్. నానేస్తాను."

"మళ్ళీ అతనికే కదా?"

"అతగాడికే. గానీ అది నన్నడగనేదు కదేటి."

రద్దు చేశాను. ఆవిడ వెళ్ళి మీట నొక్కి వచ్చింది. ఎండిపోయిన సిరాలో నీళ్ళచుక్క కలిపి వేలికి రాశాను. లెక్కేమీ మారలేదు.

బూత్ మూసేముందు నా ఓటు కూడా రద్దు చేసుకున్నాను. తర్వాత ఎవరికి వేయాలో తెలియక మీటల ముందు చాలాసేపు నిలబడ్డాను.