పాస్తా వచ్చిన గిన్నె

మార్చి పన్నెండో తారీఖు ముత్యాలుకు ఇప్పటికీ గుర్తే. ఆ మధ్యాహ్నం తిన్నది పాస్తా. ఉప్పు తక్కువ, కారం అసలే లేదు, పైన తీగలు సాగే చీజు. అయినా కడుపు నిండింది. చిక్కల్లా తిన్న తర్వాతే వచ్చింది. గిన్నె ఖాళీ అయింది.

పంపింది పక్కింటి ఫియోనా. ఇంగ్లండు మనిషి. ఇటలీలో కొన్నాళ్ళు ఉండి అక్కడి వంట నేర్చుకుని, ఇప్పుడు మలేషియాలోని ఈ బాగన్ దాతుక్‌లో బడిపిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. తెల్లవాళ్ళ గిన్నె కదా, కడిగి ఇచ్చేస్తే పోదా అని ఎవరైనా అనొచ్చు. ముత్యాలు అనలేడు. నిండుగా వచ్చిన గిన్నెను అతని భార్య దాలమ్మ ఒక్కనాడూ ఉత్తగా తిప్పి పంపలేదు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసేది. ఆమె పోవడంతోనే ఇంటి మర్యాదా పోయిందని అనిపించుకోవడం అతనికి ఇష్టం లేదు.

మొదటిసారి గిన్నె వచ్చినప్పుడు అరటిపళ్ళు పెట్టి ఇచ్చాడు. తర్వాత బజారులో కొన్న మిఠాయి. ఆ తర్వాత మళ్ళీ అరటిపళ్ళు. ఆమె చేతులారా వండి పంపుతూ ఉంటే తను కొన్నవి పెట్టి చేతులు దులుపుకోవడం ఎన్నాళ్ళు? వండాలి. వండాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. దాలమ్మ పోయాక అతను అక్కడ అడుగు పెట్టలేదు. టీ కూడా కొట్లోనే తాగుతున్నాడు.

"ఈ ఒక్కసారికి వండి ఇచ్చేసి, ఇక పంపొద్దని గట్టిగా చెప్పేస్తాను" అనుకుని మోటారుసైకిలు తీశాడు.

చేపల కొట్టు పూంగొడి తమిళమ్మాయే కానీ తెలుగువాళ్ళ మధ్య పెరిగింది. అతన్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఏటి మావయ్యా, దారి తప్పినావా?"

"ఒక సేప ఇయ్యమ్మా."

"ఏ సేప?"

"పులుసు సేప."

పూంగొడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పులుసు సేపని సముద్రంలో ఏదీ లేదు మావయ్యా. పులుసు నువ్వు పెట్టుకోవాల."

"అదేలే. మీ అత్త ఏటి కొనేదో నీకు తెలుసు కదా."

ఆమె నవ్వు ఆపి కత్తి అందుకుంది. "తెంగిరి, అదే వంజరం. తలకాయి మాత్రం ఎవులికీ ఒగ్గేది కాదు. రుచంతా దాన్లోనే ఉందనేది. ఇంతకీ ఎవులికి వండుతున్నావు?"

"పక్కింటి దొరసానికి."

"అయ్యయ్యో!" అంటూ ఈ ఊరివాళ్ళందరి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించింది. "కారం తగ్గించు లా. పారిపోతాది!"

"పారిపోతే మంచిదేనమ్మా. గిన్నె గొడవ ఒదిలిపోతాది."

డబ్బులు తీసుకుని పూంగొడి వెనక నుంచి కేకేసింది. "సేప ఏసినాక గరిటె పెట్టి తిప్పకు మావయ్యా! ముక్కలన్నీ సితికిపోతాయి!"

ఇంటికొచ్చి వంటింటి లైటు వేశాడు. తర్వాత పొయ్యి మీది దుమ్ము తుడిచాడు. గ్యాసు ఉందో లేదో అనుకుంటూ తిప్పితే భగ్గున వెలిగింది. చింతపండు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, చెయ్యి పెట్టిన చోటే ఉంది. ఉల్లిపాయలు మాడిపోతే పారేసి మళ్ళీ కోశాడు. చేప ముక్కలు వేశాక పూంగొడి మాట గుర్తొచ్చి గరిటె పక్కన పెట్టి, వంట గిన్నెనే అటూ ఇటూ కుదిపాడు.

రుచి చూశాడు. దాలమ్మ పులుసులా లేదు. కానీ ఉప్పు సరిపోయింది. ఆ మాత్రం దక్కడమే గొప్పనుకున్నాడు. కొంచెం అన్నం పెట్టుకుని నించునే తిన్నాడు. వేలు కాలింది. ఇంకొంచెం పెట్టుకుని, ఈసారి కూర్చుని తిన్నాడు.

చీకటి పడుతుండగా గిన్నె పట్టుకుని ఫియోనా గుమ్మం ముందు నిలబడ్డాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆమెకు వచ్చిన తెలుగు ముక్క ఒక్కటే. తలుపు తీయగానే అదే అడిగింది.

"అన్నం తిన్నావా, అంకుల్?"

"తిన్నాను టీచర్. నీకూ తెచ్చాను. కానీ ముందు నా మాట విను, కోపం తెచ్చుకోకు."

ఫియోనా గిన్నె అందుకుంది. అతను వండినంతసేపూ కూడబలుక్కున్నది ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"మా వాళ్ళు గిన్నెని ఖాళీగా తిప్పి పంపరు. నువ్వు పంపితే నేను నింపాలి. నేను నింపితే నువ్వు మళ్ళీ పంపుతావు. దీనికి అంతు లేదు లా. వంట నాకు చేతకాదు. ఇదే ఆఖరు. ఇంకెప్పుడూ పంపొద్దు."

ఫియోనా మూత తీసి వాసన చూసింది. ఘాటుకు తుమ్మింది. తుమ్మి, కళ్ళు తుడుచుకుని, అతని వేలి మీద ఎర్రగా కమిలిన చోటు చూసింది.

"మీరే వండారా?"

"కనిపిస్తోంది కదా."

"వేడిగా తిన్నారా? మీ ఇంట్లోనే?"

"మా ఇంట్లోనే. రెండుసార్లు పెట్టుకుని తిన్నాను. అదంతా ఇప్పుడెందుకు? గిన్నె సంగతి తేల్చు."

"గిన్నె సంగతి నాకు ముందే తెలుసు అంకుల్."

ముత్యాలు తెల్లబోయాడు. "తెలిసే పంపుతున్నావా? నన్నెందుకమ్మా ఇలా ఇబ్బంది పెట్టడం?"

ఫియోనా గిన్నెను గుండెకు ఆనించుకుంది. "దాలమ్మ ఆంటీని ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆవిడ నాతో ఒట్టు వేయించుకున్నారు. 'మా ఆయన తన కడుపు కోసం పొయ్యి వెలిగించడు, ఒకరి గిన్నె కోసమైతే వెలిగిస్తాడు, వెలిగించేదాకా పంపుతూనే ఉండు' అన్నారు" అని చెప్పి, గుడ్ నైట్ అంటూ చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.