స్టేజీలోనే దిగాలి

కండక్టర్లను తీసేసే ముందు డిపోలో మా గొంతులు రికార్డు చేసుకున్నారు. కాగితంలో ఏది రాసుంటే అది చదివేశాను. సుంకమ్మ గొంతు ఖంగుమంటోందని జిల్లాలో బస్సులన్నిటికీ నాదే పెట్టారు. ఇప్పుడు అదే బస్సులో కూరగాయల గంపతో సంతకు పోతున్నాను. డ్రైవరు కూడా లేడు.

నా ముందు సీట్లో ఓబులేసు తాత. ఆయనకు కళ్లు ఆనవు. ఆయన ఇంటి సందు స్టేజీకి ముందే వస్తుంది. ఇరవై ఏళ్లు అక్కడే బస్సు ఆపించి, చెయ్యి పట్టి దించాను.

"ఇక్కడ ఆపమ్మా" అన్నాడు తాత.

"స్టేజీలోనే దిగాలి. కూర్చోండి" అంది బస్సు, నా గొంతుతో.

"నేనమ్మా, ఓబులేసును."

"స్టేజీలోనే దిగాలి. కూర్చోండి."

నాకు ఒళ్లు మండింది. లేచి "హోల్డాన్!" అని అరిచాను. బస్సు ఆగలేదు. సందు దాటిపోయింది.

తాత నా వైపు తిరిగాడు. "సుంకమ్మా, ఇక్కడే ఉండి కూడా ఆపలేదా?"

"నేను కాదు తాతా, అది బస్సు."

"నీ గొంతు నాకు తెలీదా?"

స్టేజీలో చెయ్యి అందించాను. విదిలించుకుని, కమ్మీ తడుముకుంటూ తనే దిగాడు.

"జాగ్రత్తగా దిగండి" అంది నా గొంతు.