వెనక గేటు

"ఆ తెల్ల ఆయప్ప మళ్ళా వచ్చి కూసోనుండాడమ్మా, ఇటుకల మీదే!" పనిమనిషి మునివెంకటమ్మ నవ్వు ఆపుకోలేకపోతోంది.

ఛాయాదేవికి ఒళ్ళు మండింది.

బెంగుళూరు సర్జాపుర రోడ్డులో ఆ అపార్ట్‌మెంటుకు ఆమె సెక్రటరీ. వెనక గేటు దాటితే ముస్లింల వీధి. ఊళ్ళో ఏదో గొడవైందని, గేటు తీసేసి గోడ కట్టాల్సిందేనని మీటింగులో పట్టుబట్టింది ఆమే.

ఇప్పుడీ డెస్మండ్ ఒకడు అడ్డం. పై అంతస్తు అభిజిత్‌కు మామగారు. కూతుర్ని చూడటానికి ఐర్లండు నుంచి వచ్చాడు.

విసవిసా కిందికి దిగి, ఇంగ్లీషులో చెప్పింది.

"లేవండి సార్. మేస్త్రీ కాచుకొని ఉన్నాడు."

"గోడ వద్దమ్మా. బెల్‌ఫాస్ట్‌లో మా వీధికీ కట్టారు. ఇంకా అట్లాగే ఉంది."

"మీకూ ముస్లింలతో గొడవేనా?"

"కాదు. ఇటు ప్రొటెస్టెంట్లం, అటు కేథలిక్కులు."

"అందరూ ఏసయ్య బిడ్డలేగా! మరేం రోగం?"

"దేవుడితో మొదలవలేదమ్మా. పేరు విని ఉద్యోగం లేదనేవాళ్ళం. ఏ బడిలో చదివావని అడిగి, కేథలిక్కని తెలిస్తే ఇల్లు ఖాళీ లేదనేవాళ్ళం."

ఛాయాదేవి చూపు తిప్పుకుంది. ఖాళీ ఫ్లాటు చూడవచ్చిన ఫయాజ్‌ను, పేరు విన్నాక 'ఎవరో తీసేసుకున్నార'ని పంపించేసింది పోయిన నెలే. ఆ సంగతి ఈయన చెవికెవరు మోశారో!

అంతలో ఫయాజ్ అక్క ఫాతిమా, కుట్టిన బ్లౌజులతో గేటులోంచి వచ్చింది.

"ఇది మూసేస్తే మెయిన్ రోడ్డు చుట్టుకొని రావల్ల అక్కా. మంచంలో ఉండే అమ్మని ఇడిసిపెట్టి అంత దూరం ఎట్ల వచ్చేది? మీ ఇండ్ల కుట్టుపనే కదా మాకు ఆధారం!"

"కొన్నాళ్ళేలే ఫాతిమా. గొడవలు తగ్గాక తీసేస్తాం."

"మేమూ అదే అన్నాం," అన్నాడు డెస్మండ్, వాళ్ళ మాటలు అర్థమైనట్టే.

"అబ్బబ్బ! అభిజిత్, మీ మామగారిని పైకి తీసుకుపోవయ్యా!"

"సారీ ఆంటీ." అభిజిత్ దిగి వచ్చి, ముసలాయన చెయ్యి పట్టుకొని లేపాడు.

సాయంత్రానికి గోడ లేచింది.

ఫాతిమా మళ్ళీ రాలేదు. కబురు పెడితే మునివెంకటమ్మ ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"ఇల్లు ఖాళీ చేసి యాడికో పోయినారంటమ్మా. పని లేకుంటే ఏం తినేది, పాపం!"

కొన్నాళ్ళకు లిఫ్టులో అభిజిత్ కలిశాడు.

"మామగారు ఊరికి వెళ్ళారా?"

"వెళ్ళారాంటీ. పోయిన వారం అక్కడే పోయారు."

"అయ్యో!" అంది ఛాయాదేవి. "గోడంటే చాలు, కయ్యానికి వచ్చేవారు. అక్కడా ఇట్లాగే అడ్డం కూర్చున్నారేమో, పాపం."

"లేదాంటీ," అన్నాడు అభిజిత్. "అప్పట్లో అక్కడ గోడ కట్టాల్సిందేనని ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది ఆయనే."